మా ఊరి పేజీ: నల్లగొండ నుంచి అలంపురం దాకా

సోమవారం, నల్లగొండ

తెలంగాణ పల్లెల్లో చాలావాటికి తెలుగు వికీపీడియాలో పేజీ ఉంది. ఆ పల్లె బడిలో చదివే పిల్లల్లో ఎక్కువమందికి ఆ సంగతి తెలియదు. తెలిసిన ఒకరిద్దరూ ప్రాజెక్టు పనికి కాపీ కొట్టుకోవడానికే వాడతారు. ఆ కాపీ కొట్టే చేతులతోనే రెండు వాక్యాలు రాయించాలన్నది మా పట్టుదల. సంక్రాంతి సెలవులు ముగిసి, పదో తరగతి పరీక్షల హడావిడి ఇంకా ముదరని రోజులు చూసుకొని మిత్రుడూ నేనూ పొద్దున్నే హైదరాబాదులో బస్సెక్కాం. చౌటుప్పల్, చిట్యాల దాటి నార్కట్‌పల్లిలో విజయవాడ రహదారిని వదిలి కుడివైపు తిరిగితే నల్లగొండ.

బడిలో కంప్యూటర్ల గది ఉంది. గుడ్డలు కప్పి భద్రంగా దాచారు. సగం కంప్యూటర్లు పనిచేస్తాయి, మిగతా సగం పనిచేస్తాయని రికార్డులో ఉంది. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు ఒక్కో తెర ముందు ముగ్గురు నలుగురు చొప్పున సర్దుకున్నారు.

"ఇదంతా ఎవరు రాశారు?" అని అడిగితే మొదట వచ్చిన జవాబు "గూగుల్". తర్వాత "ప్రభుత్వం", "అమెరికా వాళ్లు". "చరిత్ర" అన్న చోట నొక్కి చూపించాం. ఏ వాడుకరి ఏ తేదీన ఏ పదం మార్చాడో వరుసగా కనిపించేసరికి గదిలో గుసగుసలు ఆగిపోయాయి. ఇంగ్లీషు వికీపీడియా 2001 జనవరిలో మొదలైంది. తెలుగుది 2003 డిసెంబరు 9న పుట్టింది, ఇప్పుడు వ్యాసాలు లక్ష దాటాయి. రాసేవాళ్లకు జీతం లేదు. ఈ చివరి మాటను మాత్రం పిల్లలు నమ్మలేదు.

నేను వాళ్లకు కొమర్రాజు లక్ష్మణరావు గారి సంగతీ చెప్పాను. మునగాల సంస్థానంలో దివానుగా ఉంటూ తెలుగులో విజ్ఞాన సర్వస్వం తేవాలని నడుం కట్టిన మనిషి. మునగాల ఇప్పుడు సూర్యాపేట జిల్లాలో ఉంది, మొన్నమొన్నటిదాకా నల్లగొండ జిల్లాలోనే. మూడు సంపుటాలు తెచ్చి, పని పూర్తికాకుండానే 1923లో ఆయన కన్నుమూశారు. "ఒక్కరే రాశారా సార్?" అని అడిగింది ముందు వరుసలో కూర్చున్న అమ్మాయి. పండితులు సాయం పట్టారు కానీ బరువంతా ఆయనదే అన్నాను. "మరి ఊళ్లవాళ్లను అడగాల్సింది" అంది. నేను చెప్పదలచుకున్న పాఠం సగం అక్కడే అయిపోయింది.

ఇక ఖాతాలు తెరవడం. ఒకే నెట్ చిరునామా నుంచి ఒక రోజులో ఆరు ఖాతాలకు మించి తెరవనివ్వదు వికీపీడియా. దొంగ ఖాతాలను ఆపడానికి పెట్టుకున్న నియమం అది. ముందుగా అడిగితే సడలిస్తారు, కానీ బడిలో నెట్ చిరునామా ఇవాళ ఒకటి, రేపు ఒకటి కాబట్టి ఆ సడలింపు అక్కరకు రాదు. ఏడో పిల్లవాడు మీట నొక్కగానే తెర మొరాయించింది. "నేనేం చేశాను సార్?" అని వాడి కళ్లల్లో నీళ్లు. సోషల్ టీచరు తన ఫోను నెట్ ఇచ్చారు, తర్వాత లెక్కల సారు ఇచ్చారు, ఆఖరికి అటెండరు కూడా ఇచ్చారు. మధ్యాహ్న భోజనం గంట కొట్టేలోపు అందరూ వాడుకరులయ్యారు.

పేరు పెట్టుకోవడంలో పెద్ద పేచీ. ఇంటిపేరు, ఊరు, పుట్టిన సంవత్సరం, బడి పేరు అన్నీ కలిపి బండి నంబరంత పేరు పెట్టుకోవాలని పిల్లల కోరిక. అసలు పేరు వద్దని, ఏ చెట్టు పేరో పిట్ట పేరో చాలని మిత్రుడు గట్టిగా చెప్పాడు. పిల్లల వివరాలు ఎవరికంటా పడకూడదన్న విషయంలో అతను రాజీపడడు.

టైపింగుకు విడిగా సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. వికీపీడియాలోనే తెలుగు మీటల ఏర్పాటు ఉంది, కంట్రోల్, ఎం మీటలు కలిపి నొక్కితే తెలుగు, మళ్లీ నొక్కితే ఇంగ్లీషు. పెద్ద ఎన్ కొడితేనే "ణ" పడుతుంది. సాయంత్రానికి గదిలో సగం తెరల మీద "తెలంగాన" అని ఉంది. దాన్ని దిద్దడమే చాలామందికి మొదటి దిద్దుబాటు.

మంగళవారం, పానగల్లు

నల్లగొండను ఆనుకొనే పానగల్లు. ఛాయా సోమేశ్వరాలయం చూపించడానికి పిల్లలను నడిపించుకెళ్లాం. నిజానికి వాళ్లే మమ్మల్ని నడిపించారు, దారి పొడవునా చెరువు కథ చెబుతూ. ఉదయసముద్రం, కందూరు చోడుల నాటి చెరువు. ఆలయమూ వాళ్ల కాలానిదే, 11, 12 శతాబ్దాల మాట.

త్రికూటాలయం అది. ఒకే మండపానికి మూడు గర్భాలయాలు. వాటిలో ఒకదాని లోపల లింగం వెనక గోడ మీద స్తంభం లాంటి నీడ పడుతుంది, పొద్దు ఎటు తిరిగినా ఆ నీడ కదలదు. ఊరివాళ్లు తరతరాలుగా చెప్పుకొనే వింత ఇదే, గుడికి పేరు పెట్టిందీ ఇదే.

పిల్లలు నోటు పుస్తకాలు తీశారు. ఒకబ్బాయి రాసుకున్నది నాకు చూపించాడు: "ఇది శివుని మహిమ. ప్రపంచంలో ఎక్కడా లేదు." వాడి పక్కవాడు రాసింది: "ఇది సైన్సు. మహిమ ఏమీ లేదు." ఇద్దరూ కొట్టుకునేలా ఉన్నారు. మా పని తేలికైంది. ఇద్దరినీ ఒకే ప్రశ్న అడిగాం: ఎవరు చెప్పారు?

మొదటివాడు "మా నానమ్మ" అన్నాడు. రెండోవాడు "యూట్యూబ్" అన్నాడు. నానమ్మే నయమనిపించింది నాకు, ఆమె కనీసం గుడి చూసింది.

తర్వాత జరిగింది ఈ ప్రయాణంలోనే నాకు బాగా నచ్చిన సన్నివేశం. నీడ ఏ స్తంభానిదో తేల్చాలని నలుగురు పిల్లలు బయల్దేరారు. ఒకడు గర్భాలయం గడప దగ్గర నిలబడి నీడను చూస్తూ కేకలు వేస్తున్నాడు, మిగతావాళ్లు ఒక్కో స్తంభం దగ్గరకు వెళ్లి చేతులు చాపుతున్నారు. "ఇప్పుడు?" "లేదు, అట్లనే ఉంది." "ఇప్పుడు?" అరగంటకు పైగా సాగింది. ఇది ఫలానా స్తంభం నీడ అని తేలలేదు. పూజారి గారు నవ్వుకుంటూ చూస్తున్నారు, ఇలాంటి పరీక్షలు ఆయనకు కొత్త కాదు. స్తంభాల మధ్య నుంచి దూరే వెలుతురు వల్ల ఒకటికి మించిన స్తంభాల నీడలు కలిసి అలా పడుతుందని భౌతికశాస్త్రం తెలిసినవాళ్లు ఇచ్చిన వివరణ. పత్రికల్లో వచ్చింది.

గదికి తిరిగొచ్చాక పిల్లలు తమ పరీక్షను వ్యాసంలో రాస్తామన్నారు. కుదరదన్నాం. గోల మొదలైంది. కళ్లారా చూసింది రాయకూడదా? వికీపీడియాలో సొంత పరిశోధనకు చోటు లేదు, వేరొకరు పరిశీలించి అచ్చువేసినదానికే చోటు. ఎనిమిదో తరగతి పిల్లలకు ఇది మింగుడుపడే మాట కాదు. అయినా చివరికి మూడు వాక్యాలు తయారయ్యాయి. నీడ విశేషం ఒకటి, భక్తుల నమ్మకం ఒకటి, వెలుతురు వివరణ ఒకటి, ప్రతిదాని వెనకా ఒక మూలం. "మహిమ" అన్న అబ్బాయీ "సైన్సు" అన్న అబ్బాయీ ఒకే తెర ముందు కూర్చొని "అని భక్తుల విశ్వాసం" అనాలా, "అని నమ్ముతారు" అనాలా అని చర్చించుకున్నారు. తటస్థత గురించి ఇంతకుమించి నేను చెప్పగలిగేది ఏమీ లేదు.

ఆలయం దగ్గర శాసనం రాయి చూసిన ఒకమ్మాయి, రాయి మీద ఉన్నది మూలం కాదా అని అడిగింది. మంచి ప్రశ్న. రాయిని మనమే చదివి అర్థం చెబితే అది మళ్లీ సొంత పరిశోధనే. నల్లగొండ జిల్లా శాసనాలను పురావస్తు శాఖ సంపుటాలుగా అచ్చువేసింది కాబట్టి ఆ సంపుటం పేరు, పేజీ నంబరు ఇస్తే సరిపోతుంది. జిల్లా గ్రంథాలయంలో అడిగి చూడమని చెప్పాం.

బుధవారం, మర్రిగూడ వైపు

మునుగోడు, మర్రిగూడ ప్రాంతం పేరు చెబితే బయటివాళ్లకు గుర్తొచ్చేది ఫ్లోరైడ్. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే మొదట పళ్లు గార పడతాయి, ఏళ్ల తరబడి తాగితే ఎముకలు వంగుతాయి. ఈ బడిలో పాఠం ఏ వ్యాసంతో మొదలుపెట్టాలో మేం ఆలోచించాల్సిన పనే లేకపోయింది, పిల్లలే అడిగారు.

"నల్లగొండ టెక్నిక్" అన్న పేరు ప్రపంచంలో నీటి ఇంజనీర్లందరికీ తెలుసు. ఈ తరగతిలో ఒక్కరికీ తెలియదు. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన పద్ధతి అది. నీళ్లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు కలిపి బాగా తిప్పాలి. తెట్టెలు కట్టి ఫ్లోరైడును పట్టుకొని అడుగుకు దిగుతాయి, పైన తేరిన నీటిని వడగట్టుకోవాలి. ఖర్చు తక్కువ, మిగిలే మడ్డి ఎక్కువ. సైన్సు టీచరు అప్పటికప్పుడు రెండు గాజు గ్లాసుల్లో పటిక వేసి తెట్టె కట్టడం చూపించారు. తమ జిల్లా పేరు ఒక శాస్త్ర పద్ధతికి ఉందని తెలిసి పిల్లలు ఆ పేరును రెండు మూడుసార్లు పైకి చదువుకున్నారు. నిజానికి ఇది గర్వపడాల్సిన పేరా అని నాకు లోపల సందేహమే. జబ్బు ఉంటేనే మందుకు ఊరి పేరు వస్తుంది.

అప్పుడు ఒకబ్బాయి లేచాడు. వాళ్ల తాత నడుము పూర్తిగా వంగిపోయింది. తాత ఫొటో పెట్టి, ఆయన ఏ బావి నీళ్లు తాగాడో, ఎప్పటి నుంచి వంగాడో రాస్తానన్నాడు. మిత్రుడు నా వైపు చూశాడు. ఫొటో సంగతి ముందు తేల్చాం: తాతను అడిగావా? ఆ ఫొటోను లోకంలో ఎవరైనా ఎక్కడైనా వాడుకోవచ్చని ఒప్పుకున్నట్టే అవుతుంది, అది ఆయనకు తెలుసా? అబ్బాయి తల అడ్డంగా ఊపాడు. తాత కథకేమో మూలం కావాలి.

తెలుగు టీచరు గారు ఇక ఊరుకోలేదు. "సార్, మా నీళ్ల సంగతి మాకంటే ఎవరికి తెలుసు? హైదరాబాదు నుంచి ఒక విలేకరి వచ్చి అరగంట చూసి రాస్తే అది మూలం. డెబ్బై ఏళ్లు ఆ నీళ్లు తాగినవాడు చెబితే కాదా?"

నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే: వికీపీడియా సాక్ష్యం తీసుకునే చోటు కాదు, అచ్చయిన సాక్ష్యాలను కూర్చే చోటు. ఈ జవాబు సరైనదే, కానీ న్యాయమైనదని నేను వాదించను. రాసేవాళ్లు ఎక్కువగా ఉన్న ఊళ్లకు పేజీలు నిండుతాయి, కూలికి పోయేవాళ్లు ఎక్కువగా ఉన్న ఊళ్లకు జనాభా లెక్క తప్ప మరేమీ ఉండదు. శివన్నగూడెం అంశల స్వామి గారి విషయంలో ఆ ఇబ్బంది రాలేదు. 2023లో కన్నుమూసేదాకా ఫ్లోరైడ్ బాధితుల తరఫున ఆయన పోరాడిన తీరును పత్రికలు రాశాయి, పిల్లలు ఆ వార్తలు వెతికి తెచ్చుకున్నారు. ఈ అబ్బాయి తాత గురించి మాత్రం ఎవరూ రాయలేదు. బడి గోడపత్రికలో ముందు నువ్వే రాయి, జిల్లా పత్రికకు పంపు అన్నాం. టీచరు గారు తానే పంపిస్తానన్నారు, ఇంకా కోపంగానే.

గురువారం, దారిలో

దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా మహబూబ్‌నగర్. బస్సులు మారడంతోనే రోజు గడిచింది. దేవరకొండ కోటను దూరం నుంచే చూశాం. కల్వకుర్తిలో మిర్చి బజ్జీలు బాగున్నాయి.

శుక్రవారం, మహబూబ్‌నగర్

పాలమూరు పిల్లలకు పిల్లలమర్రి గురించి చెప్పబోవడం తాతకు దగ్గులు నేర్పడమే. 2017 డిసెంబరులో పెద్ద కొమ్మ విరిగిపడటం, సందర్శకులను ఆపేయడం, చెదలు పోవడానికి మరుసటి ఏడు మందు కలిపిన సెలైన్ సీసాలు కొమ్మలకు వేలాడదీయడం, అన్నీ వాళ్ల నోటి మీద ఉన్నాయి. చెట్టుకు జబ్బు చేస్తే దేశమంతా పత్రికలు రాశాయి, మూలాలకు కొదవే లేదు. నిన్నమొన్నటి తాత గుర్తొచ్చి నేనేమీ మాట్లాడలేదు.

చెట్టు వయసు దగ్గర తగవు వచ్చింది. ఏడు వందల ఏళ్లని కొన్నిచోట్ల, ఎనిమిది వందలని మరికొన్నిచోట్ల. ఒక అమ్మాయి మా మాట పూర్తికాకముందే అంకె మార్చి ప్రచురించేసింది. కాసేపటికే ఎవరో దాన్ని వెనక్కి తిప్పేశారు, "ఆధారం చూపలేదు" అని సారాంశంలో రాసి. అమ్మాయి బిక్కచచ్చిపోతుందేమో అనుకున్నాను. "ఎవరో చూస్తున్నారు సార్!" అని ఎగిరి గంతేసింది. ఎక్కడో కూర్చున్న ముక్కూమొహం తెలియని మనిషి తన రాతను చదివాడన్నది ఆమెకు పెద్ద విశేషం. చర్చ పేజీలో ఆయనకు నమస్కారం పెట్టి, రెండు అంకెలకూ రెండు మూలాలు చూపిస్తూ మళ్లీ రాసింది. ఈసారి నిలిచింది.

అదే బడిలో ఇంకో సంగతి. ఒకబ్బాయి తన ఊరి మీద గుక్క తిప్పుకోకుండా చదివించే వ్యాసం తెచ్చాడు. "పచ్చని పొలాలతో, ఆత్మీయత నిండిన ప్రజలతో, ఘనమైన సంస్కృతితో అలరారే గ్రామం." ఫోనులో కృత్రిమ మేధను అడిగి రాయించుకున్నాడు, దాచలేదు కూడా. బోర్డు మీద ఆ వాక్యం రాసి ఊరి పేరు చెరిపేశాం. ఇది ఎవరి ఊరు? తరగతిలో ప్రతి ఒక్కరూ "మా ఊరే" అన్నారు. మరి నీ ఊరికి మాత్రమే సరిపోయే ముక్క ఒక్కటి చెప్పమంటే, కోయిల్‌సాగర్ కాలువ తమ ఊరి చివరి పొలాల దాకా రాదని చెప్పాడు. అది రాయదగ్గ సంగతే, దానికి నీటిపారుదల శాఖ లెక్కలు ఎక్కడ దొరుకుతాయో వెతుకుతానన్నాడు.

దిద్దుబాట్ల సంఖ్యను బట్టి బహుమతులు ఇద్దామని ఒక ఉపాధ్యాయుడు సూచించారు. వద్దన్నాం. లెక్క పెడతామంటే పిల్లలు కామాలు చేర్చుకుంటూ కూర్చుంటారు. పెద్దవాళ్లూ అదే చేస్తారు.

శనివారం, గద్వాల

"మా ఊరి పేజీ చూపించండి" అని ఇక్కడి పిల్లలది ఒక్కటే పట్టు. చూపించాం. "2011 భారత జనగణన గణాంకాల ప్రకారం" అని మొదలై ఇళ్లు, జనాభా, హెక్టార్లు, ఆడ మగ లెక్క. బ్యాంకు, ఏటీఎం ఊరి నుంచి 5 నుంచి 10 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయట.

"అబద్ధం సార్, బ్యాంకు మా ఇంటి ఎదురుగానే ఉంది."

అబద్ధం కాదు, పాతబడింది. 2021లో జరగాల్సిన జనగణన జరగలేదు కాబట్టి ఆ పేజీల్లో కాలం 2011 దగ్గరే ఆగింది. జిల్లాలు మాత్రం ఆగలేదు. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ జిల్లా నుంచి గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ విడిపోయాయి, 2019 ఫిబ్రవరిలో నారాయణపేట. కొత్త మండలాలూ వచ్చాయి. వికీపీడియాలో ఊళ్లను కొత్త జిల్లాలకు మార్చడానికి ఔత్సాహికులు చాలా శ్రమపడ్డారు, అయినా అక్కడక్కడ పాత మాటలు మిగిలే ఉంటాయి. ఈ పిల్లలకు ఊహ తెలిసేసరికే జిల్లా గద్వాల. "మన జిల్లా మహబూబ్‌నగరా?" అని వాళ్లు ఆశ్చర్యపోవడం చూసి మాస్టార్లు ఆశ్చర్యపోయారు.

బ్యాంకు వాక్యం చెరిపేస్తానన్నాడు ఎదురింటి అబ్బాయి. చెరపవద్దు, 2011లో లేదన్నదీ చరిత్రే. కిందే మరో వాక్యం చేర్చాలి. మూలం? బ్యాంకు వాళ్ల వెబ్‌సైటులో శాఖల జాబితా ఉంది, ఇంత చిన్న సంగతికి అది చాలు. వాడు శాఖ చిరునామా అక్షరం అక్షరం కూడబలుక్కుని టైపు చేసి "మార్పులను ప్రచురించు" నొక్కి, పేజీని మళ్లీ తెరిచి చూసి, మూసి, మళ్లీ తెరిచాడు. వాళ్ల నాన్న ఫోనులోనూ కనిపిస్తుందా అని అడిగాడు. కనిపిస్తుందన్నాం. సెలవు చీటీ లేకుండా ఇంటికి పరుగెత్తాడు.

మధ్యాహ్నం కోట దగ్గర ఫొటోలు తీయించాం. ఎవరు తీసిన ఫొటో వాళ్లే వికీపీడియా బొమ్మలు దాచే వికీమీడియా కామన్స్‌లోకి ఎక్కించాలి, గూగుల్‌లో దొరికింది పనికిరాదు. మనుషుల ముఖాలు పడని ఫొటోలు ఏరేసరికి చేతిలో మిగిలినవి కొద్దే.

ఆదివారం, అలంపురం

బడి లేదు. గద్వాల బడిలో తెలుగు చెప్పే మేడం, తొమ్మిదో తరగతి పిల్లలు కొందరు తల్లిదండ్రులను ఒప్పించి మాతో వచ్చారు. తుంగభద్ర ఒడ్డున నవబ్రహ్మ ఆలయాలు, బాదామి చాళుక్యుల నాటివి. శ్రీశైలం జలాశయంలో మునిగిపోయే చోటి నుంచి రాయి రాయి విప్పి తెచ్చి మళ్లీ కట్టిన కూడలి సంగమేశ్వరాలయమూ ఇక్కడే ఉంది. పిల్లలకు నవబ్రహ్మల కంటే ఈ విప్పికట్టిన గుడి మీదే ప్రశ్నలు ఎక్కువ.

ఈ ప్రాంతం వాడే సురవరం ప్రతాపరెడ్డి. తెలంగాణలో కవులే లేరన్న మాటకు సమాధానంగా ఊరూరా వెతికించి 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. మర్రిగూడ టీచరు గారికి బుధవారం నాడు నేను చెప్పాల్సిన జవాబు ఇదే, అప్పుడు తట్టలేదు. లేరన్నవాడితో ఆయన వాదన పెట్టుకోలేదు, పేర్లు, పద్యాలు అచ్చులో పెట్టారు. ఇప్పుడు ఆ కవుల మీద ఎవరు వ్యాసం రాసినా మూలంగా ఆ సంచికనే చూపిస్తారు.

"అయితే మీరు వికీపీడియా నేర్పడానికి వచ్చారా, పత్రిక పెట్టమని చెప్పడానికి వచ్చారా?" అన్నారు మేడం. వాళ్ల ఊళ్లో భజన కీర్తనలు కట్టినవాళ్లు ఐదారుగురు ఉన్నారట, ఒక్కరి పేరూ ఎక్కడా అచ్చు కాలేదు. పేర్లు, కీర్తనలు రాసిపెట్టమన్నాం. అది వికీపీడియాకు ఇప్పట్లో పనికిరాదనీ చెప్పాం.

ఈలోగా పిల్లల చేతికి పని కావాలి కదా అన్నారామె. దానికి పాత పుస్తకాలను నెట్‌లో పెట్టే వికీసోర్స్ ఉంది. మన దేశంలో రచయిత చనిపోయిన అరవై ఏళ్లకు ఆయన రచనల మీద హక్కులు తీరిపోతాయి. ప్రతాపరెడ్డి గారు 1953లో పోయారు, కాబట్టి 2014 నుంచి ఆయన రాతలు అందరివీ. హక్కులు తీరిన పాత పుస్తకాల స్కాన్లు ఒకవైపు, టైపు చేసిన పాఠం మరోవైపు పెట్టుకొని అచ్చుతప్పులు దిద్దడమే అక్కడ పని. మూలం ఏదన్న పేచీ లేదు, ఎదురుగా పుస్తకమే ఉంటుంది. అలంపూర్ చౌరస్తాలో హైదరాబాదు బస్సు కోసం నిలబడ్డప్పుడే మేడం తన ఫోనులో ఒక పాత పుస్తకం తెరిచి, అరసున్నలు ఎలా కొట్టాలో మిత్రుడి దగ్గర నేర్చుకొని, వేసవి సెలవులకు ఎవరికి ఎన్ని పేజీలో పిల్లలకు పంచేశారు. ఎక్కువ పేజీలు తనకే కావాలని ఇద్దరు పోట్లాడుకుంటుండగా బస్సు వచ్చింది.